ముప్పై ఒకటో తప్పు

ఎనిమిది నిమిషాల బొమ్మల హాస్యకథలో ముప్పై ఒక్క తప్పులు. పట్టుకున్నది మోత్కూర్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే సురేశ్ అనే పంతులు. ఒక్కో తప్పుకూ అంకె వేసి, అది ఎన్నో నిమిషంలో ఉందో రాసి, యూట్యూబ్‌లో ఆ కథ కిందనే పెట్టాడు. కోపంతో పెట్టలేదు. తమ ఇంట్లో అందరికీ నచ్చిన కథ కాబట్టే ఇన్నిసార్లు చూశానని మొదట్లోనే చెప్పుకున్నాడు. నచ్చకపోతే అంత తీరిక ఎవరికుంటుంది!

ఆ జాబితాను గోపమ్మకు చదివి వినిపించడానికి త్రివేణి ఒక మధ్యాహ్నం పూట వచ్చింది. ఆ బొమ్మలు గీసింది త్రివేణే. నారాయణపేట దగ్గరి ఒక ఊళ్లో గోపమ్మ ఇంటికీ, మగ్గం నేసే త్రివేణి వాళ్ల ఇంటికీ నడుమ ఒక్కటే గోడ. హైదరాబాద్‌లో బొమ్మల కోర్సు చదివి, కరోనా ఏడాది ఇల్లు చేరిన ఆ పిల్ల తండ్రి మగ్గం పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని బుడ్డప్ప అనే గొర్రెల కాపరి తాతను పుట్టించింది. బుడ్డప్పకు గొంతు ఇచ్చింది గోపమ్మ పెనిమిటి మల్లప్ప. పోయిన పొట్టేలు కోసం బుడ్డప్ప ఊరంతా గాలిస్తుంటాడు, పొట్టేలేమో మొదటి నుంచీ ఆయన వెనకే నడుస్తుంటుంది. కథ అంతే. లక్షల మంది చూసి నవ్వారు. రెండో కథకు కూర్చునేలోపే మల్లప్ప గుండెనొప్పితో మహబూబ్‌నగర్ దవాఖానలో కన్నుమూశాడు. మూడేళ్లయింది.

జాబితా వింటూ మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు. బడి వెనక పొడిచిన పొద్దు సాయంత్రం ఆ బడి వెనకే కుంకిందట. త్రివేణి నాలుక కరుచుకుంది. చాయ్ పోసింది గాజు గ్లాసులో, తాగింది స్టీలు గ్లాసులో. కుక్క తోక ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా ఉంది. తప్పులతో పాటు సురేశ్ పంతులు మెచ్చుకోళ్లు కూడా రాశాడు. దుకాణం గోడ మీద ఆరేసిన చీర అచ్చం నారాయణపేట గళ్ల చీరేనని గుర్తుపట్టాడు. అది త్రివేణి తండ్రి నేసిన చీరే, చూసి గీసింది.

పన్నెండో తప్పు దగ్గర గోపమ్మ ఆపింది. బుడ్డప్ప గొంగడి పొద్దున ఎడమ భుజం మీద, సాయంత్రం కుడి భుజం మీద ఉందని పంతులు ఫిర్యాదు. అది తప్పే కాదంది గోపమ్మ. ఈనిన చోటే గొర్రెపిల్లలను ఎత్తి భుజాన వేసుకుని మోసీ మోసీ మల్లప్ప ఎడమ భుజం అరిగిపోయింది. పొద్దు వాలితే సలుపు మొదలయ్యేది. అందుకే గొంగడి ఆ వేళకు కుడి భుజానికి మారేది. త్రివేణి గోడ మీదుగా ఆయన పోవడమూ చూసేది, రావడమూ చూసేది. చూసింది చూసినట్టు గీసింది, అంతే. ఎందుకని అడగాలని ఆ పిల్లకు తోచలేదు.

ఇరవై రెండు నుంచి ఇరవై తొమ్మిది దాకా అన్నీ గొర్రెల మీదే. లెక్కల పంతులు కదా, వదలలేదు. మొదటి నిమిషంలో పన్నెండు, రెండో నిమిషంలో పదకొండు, నీళ్ల చెలిమ దగ్గర పద్నాలుగు, దొడ్డి ముందుకు వచ్చేసరికి మళ్లీ పదకొండు. బుడ్డప్పకు అసలు ఎన్ని గొర్రెలున్నాయో ఆయనకైనా తెలుసా అని పంతులు అడిగాడు. ఇది విని గోపమ్మ నవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

మల్లప్ప తన జన్మలో గొర్రెలను లెక్కపెట్టలేదు. లెక్క రాక కాదు. ఆయనకు ఏడెనిమిదేళ్లప్పుడు తండ్రి ఒక సాయంత్రం దొడ్డి ముందు నిలబడి, ఊరికి వచ్చిన బేరగాడి ఎదుట మీసం తిప్పుకుంటూ మందను గట్టిగా లెక్కపెట్టాడు. ఆ వారంలోనే చిటుక రోగం తగిలి సగం మంద నేల మీద పడింది. పొద్దున మేతకు పోయిన గొర్రె మధ్యాహ్నానికి కాళ్లు తన్నుకుంటూ చచ్చిపోయేది. రోగానికీ లెక్కకూ ఏమిటి సంబంధమని చదువుకున్నవాళ్లు అడగవచ్చు. సగం దొడ్డి ఖాళీ అయిన రోజు తండ్రి గోడకు తల కొట్టుకుంటుంటే చూసిన పిల్లవాడిని మాత్రం ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో మంద అంకె ఎవరి నోటా రాలేదు.

మరి తప్పిపోతే తెలిసేదెట్లా? ముఖం చూసి తెలిసేది. దొడ్డి తడక వారగా తెరిచి మల్లప్ప పక్కన నిలబడేవాడు. ఒక్కొక్క గొర్రె దూరి పోతుంటే దాని వీపు మీద చెయ్యి వేసేవాడు. బొల్లిది, కుంటిది, చెవి తెగినది, దాని బిడ్డ. చివరి వీపు మీద చెయ్యి పడ్డాక ఇంకా ఒక చెయ్యి మిగిలినట్టు అనిపిస్తే, ఎవరు రాలేదో అప్పుడే తెలిసిపోయేది. నట్టల మందు పోయడానికి వచ్చిన సర్కారు మనుషులు ఎన్ని తలలని అడిగితే, చేతులు కట్టుకుని, మీరే చూసి రాసుకోండి సారూ అనేవాడు. వాళ్లు లెక్కపెడుతున్నంతసేపూ ఇటు తిరిగి నిలబడేవాడు, వినపడకుండా.

గోపమ్మ కొత్త కోడలుగా వచ్చిన మొదటి సాయంత్రం, మాట కలపాలన్న ఆశతో, ఎన్ని గొర్రెలు ఉన్నాయని అడగబోయింది. అత్త బిక్షమ్మ నోటి మీద వేలు పెట్టి లోపలికి తీసుకుపోయి, ఎట్లా అడగాలో నేర్పింది. అన్నీ వచ్చినయా అని అడగాలి. వచ్చినయ్ అని చెప్తాడు. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. కొత్త పెళ్లికూతురు బయటికి వచ్చి తలుపు చాటున నిలబడి అడిగింది. అది ఆమె పెనిమిటితో మాట్లాడిన మొదటి మాట. ఎండకాలం మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయిన నెలలు తీసేస్తే, ముప్పై అయిదేళ్లు ప్రతి సాయంత్రం అదే మాట, అదే జవాబు. పోట్లాడుకున్న రోజు కూడా అది ఆగలేదు. ఆమెను ఆయన పేరు పెట్టి పిలిచింది లేదు, ఓయ్ అనో, కొడుకు పేరుతో మల్లేశ్ అమ్మా అనో పిలిచేవాడు. ఉన్న ముద్దూ మురిపెమూ అంతా ఆ సాయంత్రం మాటలోనే సర్దుకున్నారు.

"పెద్దమ్మా, ఇంక రెండే ఉన్నయ్," అంది త్రివేణి. ఈసారి ఆమె గొంతు తగ్గింది.

ముప్పయ్యో తప్పు: నాలుగో నిమిషంలో బుడ్డప్ప తలుపు వైపు తిరిగి, 'వచ్చినయ్ తియ్, కుంటిది ఎనకబడ్డది, గదీ వచ్చింది' అంటాడు. అక్కడ ఎవరూ లేరు, ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరికి జవాబు చెప్తున్నాడు? ముప్పై ఒకటో తప్పు: చెవి పెట్టి వింటే అంతకు ముందు సన్నగా ఎవరో ఆడమనిషి గొంతు ఉంది. రికార్డింగులో పడ్డ చప్పుడు కాబోలు, తీసేస్తే బాగుంటుంది.

గోపమ్మకు అర్థం కాలేదు. ఆ కథ ఆమె చూడని రోజు లేదు. మల్లప్ప పోయినప్పటి నుంచి, మంద ఇల్లు చేరే వేళకు అరుగు మీద కూర్చుని ఫోన్‌లో అదే పెట్టుకుంటుంది. నాలుగో నిమిషం వచ్చేసరికి నోరు దానంతట అదే, అన్నీ వచ్చినయా అని అడుగుతుంది. ఫోన్‌లోంచి ఆయన, వచ్చినయ్ తియ్ అంటాడు. కొడుకు మల్లేశ్ ఆ వేళకు మందతో వచ్చి, తల్లిని కదిలించకుండా, తానే తడక తీసి తానే మూసుకుంటాడు. మూడేళ్లుగా ఆమె అడుగుతున్నది ఫోన్‌ను, కొడుకును కాదు. మరి ఆ ఆడమనిషి ఎవరు? ఎప్పుడూ వినలేదే!

"నువ్వు అడుగుడు ఆపి ఇను పెద్దమ్మా," అంది త్రివేణి. నాలుగో నిమిషం పెట్టి ఫోన్ ఆమె చెవి దగ్గర పట్టుకుంది.

గోపమ్మ పెదవులు బిగబట్టి విన్నది. దూరంగా, ఎక్కడో పెరట్లోంచి అన్నట్టు, ఒక గొంతు. అన్నీ వచ్చినయా? వెంటనే ఆయన జవాబు. అది తన గొంతే. మూడేళ్లుగా తాను అడిగిన ప్రతిసారీ తన గొంతు మీదనే తన గొంతు పడి, కింద ఉన్నది వినపడకుండా పోయింది.

అప్పుడు గుర్తుకు వచ్చింది. స్టూడియో ఎక్కడిది? నులక మంచం నిలబెట్టి, దాని మీద మల్లప్ప గొంగడి కప్పి, లోపల ఫోన్ పెట్టింది త్రివేణి. గొంగడి చప్పుడును పీల్చేస్తుందట. చీకట్లో మోకాళ్ల మీద కూర్చుని మల్లప్ప అన్ని మాటలూ ఒక్క దెబ్బకు చెప్పేశాడు. ఒక్కటే నోట పట్టలేదు. పన్నెండు గొర్లు, పన్నెండూ వచ్చినయ్ అని రాసి ఉంది. త్రివేణి మూడుసార్లు అందించింది. ఆయన గొంతు సవరించుకోవడం, గొర్రెలను అదిలించినట్టు నాలుకతో చప్పుడు చెయ్యడం, ఆగిపోవడం. మరిచిపోతున్నాడనుకుంది ఆ పిల్ల. పెరట్లో గడ్డి కట్ట విప్పుతున్న గోపమ్మ ఆ నాలుక చప్పుడు విని, పొద్దుగూకిందనుకుందో ఏమో, అలవాటున అడిగేసింది. గొంగడి లోపలి నుంచి మల్లప్ప బతికిపోయినట్టు జవాబిచ్చాడు. త్రివేణికి నవ్వొచ్చి అదే ఉంచేసింది. అంకె చెప్పలేదు కాబట్టి, గొర్రెలను తోచినన్ని గీసుకుంటూ పోయింది.

ఆ ఇద్దరి మాటా కలిసి ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్కచోటే. పెళ్లి నాటి ఫోటో ఒకటి ఉంది గానీ ఫోటో మాట్లాడదు. గోపమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి పెట్టమంది. త్రివేణి ఎన్నిసార్లు పెట్టిందో లెక్కలేదు. ఆ పిల్ల వచ్చిన అసలు పని మాత్రం ఇంకా నోట్లోనే ఉంది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఈ కథను తమ యాప్‌లో వేస్తామంది. ఇది నచ్చితే మరో పది కథల పని త్రివేణికే ఇస్తారట. ఏళ్ల తరబడి పెళ్లి పత్రికలకు బొమ్మలు గీసి బతుకుతున్న పిల్లకు అది చిన్న సంగతి కాదు. షరతు ఒక్కటే, పంతులు రాసిన తప్పులన్నీ దిద్దాలి. మిగతావి త్రివేణి గీసి దిద్దుతుంది. నాలుగో నిమిషం మాత్రం కంప్యూటర్ దిద్దుతుంది. మల్లప్ప గొంతును దానికి వినిపిస్తే, ఆయన చెప్పని మాటలు కూడా ఆయన గొంతుతోనే చెప్తుంది. దానికి ఇంటివాళ్లుగా గోపమ్మ సంతకం కావాలి. వాళ్లు మచ్చుకు ఒక ముక్క పంపారు. త్రివేణి నేల చూపులు చూస్తూ అది వినిపించింది.

"పన్నెండు గొర్లు. పన్నెండూ వచ్చినయ్."

ఆయనే. ఆ జీర, మాట చివర ఆ చిన్న దగ్గు లాంటి ఊపిరి, అంతా ఆయనే.  గోపమ్మకు ఒక్క క్షణం సంతోషం వేసింది, అబద్ధమెందుకు. మరుక్షణం భయం వేసింది. యాభై ఏళ్లు నోట రానివ్వని అంకెను, చచ్చిపోయాక ఆయన నోట్లో పెట్టి పలికించారు. కాదనడానికి ఆయన లేడు.

ఏడుపు ఆపుకుంటూ త్రివేణి ఇంకో మాట కూడా చెప్పింది. కావాలంటే ఆ కంప్యూటర్‌తో ఏమైనా చెప్పించవచ్చట. గోపమ్మా అని పేరు పెట్టి పిలిపించవచ్చట. ఆ పిల్ల మంచి మనసుతోనే చెప్పింది.  బతికుండగా పిలవని పేరు ఇప్పుడు పిలిస్తే, పిలిచింది ఎవరవుతారు? వద్దని గోపమ్మ తల అడ్డంగా ఊపింది. పిల్ల పొట్ట కొట్టడం ఇష్టం లేదు, ఆయన నోట్లో ఆ అంకె పెట్టడం ఇష్టం లేదు. రేపు చెప్తానని పంపించేసింది. ఆ సాయంత్రం మల్లేశ్ మందతో వచ్చే వేళకు ఫోన్ ముట్టుకోలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. మల్లేశ్ తడక మూస్తూ రెండుసార్లు తల్లి వైపు చూశాడు.

మర్నాడు పొద్దున చీపురు చేతపట్టుకునే గోడ దగ్గరికి పోయి త్రివేణిని పిలిచింది.

"పంతులు ఏమన్నడు బిడ్డా? ఎవరూ అడగలేదు, మరి ఎవరికి చెప్తాండు అన్నడు. అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"అడిగిన మనిషి ఉన్నది గదా. నన్ను గా తలుపు కాడ నిలబెట్టు. గప్పుడు అది తప్పెట్లయితది?"

త్రివేణి ఫోన్ తీసి ఆ నాలుగో నిమిషం మళ్లీ చూసింది. నాలుగేళ్లుగా ఆ బొమ్మ ముందు కూర్చున్న మనిషికి ఆ తలుపు ఖాళీగా ఉందని తోచనే లేదు. అప్పటికప్పుడు కంపెనీ వాళ్లతో మాట్లాడింది. వాళ్లు సరే అన్నారు. ముసలామెను గీసుకోవచ్చు, గొర్రెలు అన్నిచోట్లా ఒకే లెక్కన కనిపిస్తే చాలు, నోటితో చెప్పనక్కర్లేదు. కాకపోతే ఆమె గొంతు మాత్రం స్పష్టంగా ఉండాలి, మళ్లీ రికార్డు చెయ్యమన్నారు.

మంచం మళ్లీ నిలబడింది. మల్లప్ప గొంగడి పెట్టెలోంచి బయటికి వచ్చింది. గోపమ్మ మోకాళ్లు పట్టుకుని వంగి లోపలికి పోయింది. లోపల చీకటి, ఉన్ని వాసన, ఆయన వాసన. బయటి నుంచి త్రివేణి ఊఁ అనగానే అడిగింది. గొంతు ఖంగుమని వచ్చింది, ఎక్కడా తడబడలేదు. త్రివేణి సంతోషపడి అయిపోయింది రమ్మంది. గోపమ్మ రాలేదు. కాసేపు చూసి త్రివేణి గొంగడి అంచు ఎత్తింది. ఆమె అట్లాగే కూర్చుని ఉంది. చెవి పక్కకు ఒగ్గి వింటోంది. అడిగాక వినడం ముప్పై అయిదేళ్ల అలవాటు.

"పాతదే ఉంచు బిడ్డా," అంది చివరికి. "గప్పుడు నేను ఆయనను అడిగిన. గిప్పుడు అడిగితే చెప్పేటోడు లేడు."

త్రివేణి కొత్తది పక్కన పెట్టేసింది. నాలుగు రోజులు కూర్చుని పాత గొంతు మీది గరగరను తొలగించి, పెరట్లో గాలి చప్పుడు కొంచెం మిగిలినా సరే, మాట వినపడేట్టు చేసింది. తలుపు దగ్గర నల్లంచు చీర కట్టిన మనిషిని గీసింది. చేతిలో గడ్డి కట్ట పెట్టింది. బడి వెనక కుంకిన పొద్దును పడమటికి పంపింది. గొంగడి జోలికి పోలేదు, అది పొద్దున ఎడమ భుజం మీదే, సాయంత్రం కుడి భుజం మీదే. అదెందుకో కంపెనీకి ఉత్తరం రాసింది. కంపెనీ ఒప్పుకుంది.

దిద్దిన కథను త్రివేణి ఒక సాయంత్రం తెచ్చి అరుగు మీద గోపమ్మ చేతిలో పెట్టింది. నాలుగో నిమిషం వచ్చింది. గోపమ్మ నోరు తెరవలేదు. తలుపు దగ్గరి బొమ్మ అడిగింది. బుడ్డప్ప అటు తిరిగి జవాబు చెప్పాడు. వాళ్లిద్దరూ వాళ్ల మాట వాళ్లు మాట్లాడుకున్నారు. కథ అయిపోయేదాకా చూసి, ఫోన్ త్రివేణికి తిరిగి ఇచ్చేసింది.

అప్పుడే దుమ్ము లేచింది. మల్లేశ్ మందను మలుపుకొని వస్తున్నాడు. తడక వారగా తీసి, పక్కన నిలబడి, దూరుతున్న ఒక్కొక్క వీపు మీద చెయ్యి వేస్తున్నాడు. వాడు అచ్చం తండ్రి లాగే చెయ్యి వేస్తాడని గోపమ్మ మూడేళ్లుగా చూడనేలేదు. ఆమె అరుగు దిగి, ఇంటి తలుపు దగ్గరికి నడిచి, అక్కడ నిలబడింది.

"అన్నీ వచ్చినయా?"

మల్లేశ్ చెయ్యి ఒక వీపు మీద ఆగిపోయింది. తల్లి వైపు చూశాడు. ఆ మాట ఆమె తనను అడగడం అదే మొదటిసారి. చివరి వీపు మీద దాకా చెయ్యి వేసి, తండ్రి లాగానే గొంతు సవరించుకున్నాడు.

"వచ్చినయ్ తియ్ అమ్మా," అన్నాడు.